కోతిపిల్ల, పిల్లిపిల్ల, కొండ రైలు

స్విట్జర్లాండ్ నడిబొడ్డున రిగి అనే కొండ ఉంది. ఎత్తు 1798 మీటర్లు. నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు నలభైకి పైగా ఉన్న దేశంలో ఈ ఎత్తును ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అయినా యూరప్‌లో కొండ మీదికి మొట్టమొదటి రైలు వేసింది దీనికే. 1871 మే 21న, లూసర్న్ సరస్సు ఒడ్డున ఉన్న విట్స్‌నౌ ఊరి నుంచి ఆ రైలు మొదలైంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు నిక్లాస్ రిగ్గెన్‌బాక్ పుట్టినరోజు కూడా అదే. నాలుగేళ్ళ తర్వాత కొండకు అవతలి పక్క నుంచి, ఆర్త్-గోల్డౌ వైపు నుంచి, మరో కంపెనీ ఇంకో లైను వేసింది. రెండూ పైన కలుస్తాయి.

ఏప్రిల్ నెలాఖరులో, సెలవు కాని రోజు చూసుకుని, ఒంటరిగా ఈ కొండకు వచ్చేవాళ్ళు కొందరుంటారు. మంచు ఆటల జనం అప్పటికి వెళ్ళిపోయి ఉంటారు, వేసవి జనం ఇంకా వచ్చి ఉండరు. కింద ఊళ్ళలో పళ్ళ చెట్లు పూత మీద ఉంటాయి. పైన ఉత్తరపు వాలు మీద మంచు చారలు చారలుగా మిగిలి ఉంటుంది. ఆవుల్ని ఇంకా మేతకు తోలుకురాలేదు కాబట్టి కాపరుల ఇళ్ళకు తాళాలే. మంచు కరిగిన అంచున, నిరుటి గడ్డి వాడిపోయి నేలకు అంటుకుని ఉన్నచోట, క్రోకస్ పూలు లేస్తుంటాయి. ఇలా వచ్చినవాళ్ళకు అనువైన దారి ఒకటుంది. గోల్డౌలో రైలెక్కి, నడికొండలో క్లోస్టర్లి అనే చిన్న స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి శిఖరం దాకా నడవడం. గంటన్నర పడుతుంది. లెక్క చూస్తే దాదాపు 800 మీటర్ల ఎత్తు రైలు ఎక్కించినట్టు, సొంత కాళ్ళు ఎక్కింది 500 మీటర్లకు లోపే.

ఇప్పుడా మనిషి కొండ ఎక్కినట్టా, కానట్టా?

కాలక్షేపం ప్రశ్నలా కనిపిస్తుంది గానీ దీని వెనక చాలా పాత గొడవ ఉంది. అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కి వెళ్ళినవాళ్ళకూ, 1944లో తెరిచిన ఘాట్ రోడ్డు మీద బస్సులో వెళ్ళినవాళ్ళకూ తిరుమలలో దర్శనమిచ్చే దేవుడు ఒక్కడే. అయినా ఇంటికి తిరిగొచ్చాక చుట్టాలు “నడిచే వెళ్ళారా?” అని అడక్కుండా ఉండరు. అవునంటే కళ్ళలో ఒక మర్యాద. కాదంటే “పోన్లెండి, దర్శనం బాగా అయిందిగా” అని ఓదార్పు. ఆ ఓదార్పులో ఒక వేదాంతమే దాగి ఉంది. ఒళ్ళు అలిస్తే దేవుడి దగ్గర దానికి ఖాతా ఉంటుందని, అలవకుండా దొరికింది ఒక మెట్టు తక్కువ రకమని.

శ్రీవైష్ణవులు ఈ పేచీని రెండు జంతువుల మీద పెట్టి మాట్లాడుకున్నారు. కోతిపిల్ల తల్లి పొట్టను తనే కరుచుకుని ఉంటుంది, పట్టు వదిలితే కింద పడుతుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర నోట పట్టుకుని తీసుకుపోతుంది. జీవుడి వైపు నుంచి కాస్తయినా ప్రయత్నం ఉండాలన్న వేదాంతదేశికుల పక్షానిది మర్కట కిశోర న్యాయం. భగవంతుడి దయే సమస్తం, మన ప్రయత్నం దానికి అడ్డు కూడా కావచ్చు అన్న పిళ్ళైలోకాచార్యుల పక్షానిది మార్జాల కిశోర న్యాయం. వడగలై, తెంగలై అని చీలిన ఆ రెండు పక్షాలూ తర్వాతి కాలంలో నామం ఆకారం మీద, గుళ్ళో పారాయణ హక్కు మీద కోర్టులకెక్కడం వేరే కథ.

ఈ లెక్కన మెట్లెక్కేవాడు కోతిపిల్ల, రైలెక్కేవాడు పిల్లిపిల్ల. అక్కడితో తేలిపోయిందనుకోవచ్చు, రిగి రైలు కిందికి ఒకసారి వంగి చూడకపోతే.

మామూలు రైలు చక్రం నున్నటి ఉక్కు, పట్టా కూడా నున్నటి ఉక్కు. బల్లపరుపు నేల మీద ఆ నునుపే లాభం. కానీ వంద మీటర్లకు పాతిక మీటర్లు లేచే వాలు మీద చక్రం ఊరికే తిరుగుతుంది తప్ప బండి కదలదు. రిగ్గెన్‌బాక్ రెండు పట్టాల నడుమ ఇనప నిచ్చెన పరిచాడు. బండి కింద ఉన్న పళ్ళ చక్రం ఆ నిచ్చెన మెట్టును ఒకటి పట్టుకుని, వదిలేలోగా రెండోది పట్టుకుని, అలా పాకుతూ పైకి పోతుంది. ఈ ఉపాయానికి ఆయన 1863లోనే ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని నిజంగా కొండ మీద నడిపి చూపించడంలో మాత్రం అమెరికావాడు సిల్వెస్టర్ మార్ష్ ముందున్నాడు, 1869లో, మౌంట్ వాషింగ్టన్ మీద. తీరా తేలిందేమిటంటే, లోపల కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతున్న పిల్లిపిల్లను మోసుకుపోతున్న తల్లి, తను మాత్రం అచ్చంగా కోతిపిల్లే. ఒక్క మెట్టు దగ్గరా పట్టు వదలదు.

మనకు ఈ పళ్ళ పట్టా ఊటీ రైలు వల్ల తెలుసు. నీలగిరి లైను కోసం రిగ్గెన్‌బాక్ కూడా ప్రతిపాదన పెట్టాడు. చివరికి ఆయన దగ్గర పనిచేసిన రోమన్ ఆప్ట్ కనిపెట్టిన పద్ధతిలో దాన్ని వేశారు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా రైలు వచ్చింది. ఆ రైలు మీద పాటలు తీసినన్ని సినిమాలు రిగి రైలు మీద వచ్చి ఉండవు.

శ్రమా, దయా అన్న ఈ పేచీ రిగి చుట్టుపక్కల పుస్తకాలతో ఆగలేదు. రిగి శిఖరం ఉన్న ష్విట్స్ కాంటన్‌లోనే (కాంటన్ అంటే స్విస్ రాష్ట్రం) ఐన్‌సీడెల్న్ మఠం ఉంది. అక్కడి నల్ల మేరీమాత దర్శనానికి మధ్యయుగాల నుంచీ యాత్రికులు నడిచి వస్తున్నారు. ఉల్రిచ్ జ్వింగ్లీ 1516 నుంచి 1518 దాకా ఆ ఊళ్ళోనే మతగురువుగా ఉన్నాడు. పాదాలు పగిలి, మోకాళ్ళు చీరుకుపోయి, పాపం కాస్త తరిగిందన్న నమ్మకంతో తిరిగివెళ్ళే జనాన్ని రోజూ చూశాడు. తర్వాత జూరిక్‌కు మారి, యాత్రలూ మొక్కులూ పాపాన్ని కడగలేవని, దేవుడి దయ నడకతోనో డబ్బుతోనో కొనేది కాదని బోధించిన సంస్కర్తగా చరిత్రకెక్కాడు. జూరిక్ ఆయన వెంట నడిచింది. లూసర్న్, ష్విట్స్ వంటి అయిదు కాంటన్లు పాత మతంలోనే ఉండిపోయాయి. 1531 అక్టోబర్‌లో కాప్పెల్ దగ్గర జరిగిన యుద్ధంలో జ్వింగ్లీ చనిపోయాడు. ఆ యుద్ధానికి ధాన్యం రవాణా ఆపేయడం లాంటి లౌకిక కారణాలూ ఉన్నాయి. అయినా మనవాళ్ళు కోతితో, పిల్లితో, కోర్టు కాగితాలతో సరిపెట్టుకున్న వాదానికి ఇక్కడ కత్తులు దూశారన్నది నిజం.

కొండకూ ఆత్మకూ ముడిపెట్టిన యూరప్ రచనల్లో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది ఇటలీ కవి పెట్రార్క్ ఉత్తరం. అది కూడా వసంతంలో ఒకరోజు నడకే. 1336 ఏప్రిల్ 26న ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లోని వాంటూ కొండ ఎక్కాడు. ఆల్ప్స్ పర్వతాలకు పడమటి అంచు అది, సుమారు 1900 మీటర్లు. ఉత్తరం మీద ఆ తేదీ ఉన్నా, ఇప్పుడు మన చేతిలో ఉన్న రూపం చాలా ఏళ్ళ తర్వాత రాసిందని పండితుల అనుమానం. అందుకే కాబోలు, ప్రతి అడుగుకూ ఒక నీతి దొరుకుతుంది. తమ్ముడు గెరార్డో నిట్టనిలువు దారి పట్టి తిన్నగా ఎక్కిపోతాడు. పెట్రార్క్ సులువైన దారి వెతుకుతూ లోయల్లోకి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి, చివరికి కూలబడి తనను తానే తిట్టుకుంటాడు. ఆత్మ ప్రయాణంలోనూ తన వరస ఇదేనని. శిఖరం మీద జేబులోంచి అగస్టీన్ రాసిన ‘కన్ఫెషన్స్’ తీసి తెరిస్తే, మనుషులు కొండల్నీ సముద్రాల్నీ చూసి ఆశ్చర్యపోతారు గానీ తమను తాము చూసుకోరు అన్న అర్థం వచ్చే చోటు తగులుతుంది. దాంతో సిగ్గుపడి, కిందికి దిగేదాకా నోరు విప్పడు. దేవుణ్ణి కొండల్లో గుళ్ళలో వెతికేవాళ్ళను వేమన ఇంతకంటే కటువుగా దులిపాడు కాబట్టి తెలుగు పాఠకుడికి అగస్టీన్ మాట మరీ కొత్తగా తోచదు.

ఆ ఉత్తరంలో అందరూ దాటేసే మనిషి ఒకడున్నాడు. వాలు మీద ఎదురైన ముసలి గొర్రెల కాపరి. యాభై ఏళ్ళ కిందట తనూ ఇలాగే ఎగబడి ఎక్కాననీ, చిరిగిన బట్టలూ గీరుకుపోయిన ఒళ్ళూ తప్ప ఏమీ మిగల్లేదనీ, మానుకోమనీ అరిచి చెబుతాడు. కుర్రవాళ్ళు వినరు. బరువనిపించిన సామాన్లు ఆయన దగ్గరే వదిలి ముందుకు పోతారు. సాహిత్య చరిత్రలో ఆ కాపరి పాత్ర అంతటితో సరి. ఆ కొండతో అందరికంటే ఎక్కువ కాలం కాపురం చేసింది ఆయన. ఆ ఎక్కుడులో ఆయనకు ఏ పరమార్థమూ కనబడలేదు. ఇంకో సంగతి. ఎవర్ని వెంట తీసుకెళ్ళాలా అని పెట్రార్క్ చాలాసేపు తర్జనభర్జన పడి తమ్ముణ్ణి ఎంచుకుంటాడు, ఇద్దరికీ చెరో నౌకరూ ఉన్నారు. ఆ నౌకర్లకు పైన ఏమనిపించిందో ఉత్తరంలో లేదు.

క్లోస్టర్లి స్టేషన్‌లో దిగిన ఒంటరి నడకరికి ఎదురయ్యే మొదటి కట్టడం కాపరుల సంగతినే మళ్ళీ ముందుకు తెస్తుంది. అదొక చిన్న తెల్లటి చర్చి. మంచు మేరీమాత పేరున కట్టింది. ఆగస్టు నెలలో రోమ్ నగరంలో మంచు కురిసిందన్న పురాణం నుంచి వచ్చిన పేరది. రిగి మీద ఆగస్టు మంచు పెద్ద అద్భుతమేం కాదు గానీ, పేరు నిలిచిపోయింది. ఇక్కడ మొదటి మందిరాన్ని 1689లో కట్టారు, ఇప్పుడున్నది 1720 ప్రాంతంలో పెద్దదిగా కట్టింది. ఎందుకు కట్టారన్నదే అసలు విషయం. వేసవి అంతా పశువుల వెంట పైనే ఉండే కాపరులు ఆదివారం ప్రార్థనకు కిందికి దిగి రాలేరు. పాలు పితకాలి, జున్ను కాచాలి, ఆవు ఎక్కడ జారిపడుతుందో చూసుకోవాలి. కాబట్టి ప్రార్థననే పైకి పంపారు. కపూచిన్ సన్యాసులు ఇక్కడ ఉండి పూజ జరిపేవారు. కింది ఊళ్ళవాళ్ళు ఇది యాత్రాస్థలమని ఎక్కడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

అంటే వరస తిరగబడింది. భక్తుడు ఎక్కివెళితే దేవుడు దొరుకుతాడు అన్నది యాత్ర. ఇక్కడ పనివాళ్ళు ఉన్నచోటికి దేవుడే ఎక్కి వచ్చాడు. వాళ్ళకు ఆ ఎత్తు మొక్కు కాదు, మేత. ఎక్కడంలో పుణ్యం ఉందన్నది పూర్తిగా కింద కాపురముండే వాళ్ళ లెక్క. అది అబద్ధమని కాదు. పైన ఉండేవాడికి ఆ లెక్క అసలు మొదలే కాదు.

తిరుమల సంప్రదాయంలోనూ ఈ తిరగబడ్డ వరస కనిపిస్తుంది. కొండ సాక్షాత్తూ ఆదిశేషుడే కాబట్టి పాదం మోపడానికి మనసొప్పక రామానుజులు మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. మోకాళ్ళ పర్వతం పేరు వినని యాత్రికుడు ఉండడు. అదే కథలో ఆయన మేనమామ తిరుమలనంబి మరో రకం మనిషి. ఆయన కొండ ‘ఎక్కిన’ భక్తుడు కాదు, కొండ మీద ఉండి రోజూ స్వామి అభిషేకానికి తీర్థం మోసిన మనిషి. రామానుజులకు రామాయణ రహస్యాలు చెప్పడానికి ఆయన రోజూ అలిపిరికి దిగి వచ్చేవారట. అలా దిగడం వల్ల మధ్యాహ్నపు సేవ తప్పిపోతోందని బాధపడితే, స్వామి పాదాలే అలిపిరిలో వెలిశాయని ఐతిహ్యం. పాదాల మండపం దగ్గర ఇత్తడి పాదుకలు తలమీద పెట్టుకుని తిరిగేవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో గానీ, ఈ కథలో ఎక్కినవాడికి బహుమానం లేదు. పని మీద దిగినవాడి కోసం దేవుడు దిగాడు.

మరి అసలు ఎక్కనే కూడదన్న పక్షమో? దానికీ రిగి మీంచే సాక్ష్యం దొరుకుతుంది. శిఖరం నుంచి పడమటి వైపు, సరస్సుకు ఆవల, పిలాటుస్ అనే కొండ పళ్ళు పళ్ళుగా కనబడుతుంది. ఏసుకు శిలువ శిక్ష వేసిన పోంటియస్ పిలాతు శవం అక్కడి ఓ చిన్న మడుగులో ఉందని, దాన్ని కదిలిస్తే తుపాను పుడుతుందని మధ్యయుగాల్లో గట్టి నమ్మకం. లూసర్న్ అధికారులు ఆ కొండ ఎక్కడాన్నే నిషేధించారు. 1387లో ఎక్కబోయిన ఆరుగురు మతాధికారులను జైల్లో పెట్టారు. 1555లో జూరిక్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు కొన్రాడ్ గెస్నర్ అనుమతి తీసుకుని ఎక్కి, ఏమీ కాలేదని చెప్పాడు. 1585లో లూసర్న్ మతగురువు యోహానెస్ ముల్లర్ జనాన్ని వెంటేసుకుని వెళ్ళి, మడుగులోకి రాళ్ళు విసిరి, ఉంటే బయటికి రమ్మని పిలాతుకు సవాలు విసిరాడు. అలికిడి లేదు. తొమ్మిదేళ్ళ తర్వాత గట్టు తెగ్గొట్టి నీళ్ళు కూడా వదిలేశారు. 1889 నుంచి ఆ కొండకూ పళ్ళ పట్టా రైలుంది. దాని వాలు వందకు 48. లోకంలో ఇంతకంటే నిటారుగా ఎక్కే పళ్ళ పట్టా రైలు లేదు.

గెస్నర్ ఈ వ్యాసంలోని మనుషులందరిలోకీ మనసుకు హాయిగొలిపే మనిషి. బతికున్నంత కాలం ఏటా కొన్ని కొండలు, కనీసం ఒకటైనా ఎక్కాలని, అదీ పూలు పూసే కాలంలో ఎక్కాలని 1541లో ఓ మిత్రుడికి రాసుకున్నాడు. మొక్కల్ని చూడటానికి, ఒంటికి కసరత్తుకు, మనసు సంతోషానికి. పాపపుణ్యాల పద్దు ఎక్కడా లేదు. అలాగని భక్తి లేదా అంటే నిండా ఉంది. సృష్టిని చూడటమే ఆయన ప్రార్థన. ఏప్రిల్‌లో క్లోస్టర్లి నుంచి కుల్మ్ అనే రిగి శిఖరానికి ఎక్కే దారిలో, బూటు కింద కరిగే మంచు బురదా, పక్కన అంగుళం ఎత్తు పువ్వూ ఉన్నచోట, పెట్రార్క్ కంటే గెస్నరే సరైన తోడు.

నడకవాదులకు న్యాయం చేయాలంటే ఒకటి ఒప్పుకోవాలి. కాళ్ళు చేసే పని ఉత్త అహంకారం కాదు. విట్స్‌నౌ నుంచి రైలు అరగంటలో పైకి చేరుస్తుంది. ఆ అరగంటలో మనసు ఇంకా కిందే ఉంటుంది, ఫోన్లో ఉంటుంది, ఆఫీసులో ఉంటుంది. నడిచేవాడికి మొదటి గంట అలాగే గడుస్తుంది, రెండో గంటకు ఊపిరి లెక్క తప్ప వేరే లెక్క మిగలదు. మెట్ల దారిలో గోవిందనామం అంత సహజంగా నోటికి రావడానికి కారణం కూడా ఇదే కావచ్చు, పెద్ద మాటలకు ఊపిరి చాలదు. శ్రమ దేవుడికి కట్టే రుసుము అనుకుంటే చిక్కు. మనసు సద్దుమణగడానికి పట్టే సమయం అనుకుంటే చిక్కేం లేదు. నడికొండలో రైలు దిగి నడిచే పద్ధతి మేలనిపించేది అందుకే. కోతినీ పిల్లినీ రాజీ చేయడానికి కాదు.

ఇక ఒంటరితనం. పళ్ళ పట్టా మీద ఎక్కినవాడు ఒంటరి ఎలా అవుతాడు? పట్టాల మీది మంచు తోసినవాళ్ళున్నారు, బండి నడిపినవాళ్ళున్నారు. రైలుకు ముందూ ఇంతే. 1816లో శిఖరం మీద మొదటి సత్రం వెలిసినప్పటి నుంచీ గుర్రాలవాళ్ళు, కుర్చీ మోసేవాళ్ళు, సామాను కూలీలు ఈ దారుల్లో తిరిగారు. 1868లో విక్టోరియా రాణి వచ్చిందీ ఆ దారుల్లోనే. ఘాట్ రోడ్డుకు ముందు తిరుమల దారిలో డోలీలు మోసినవాళ్ళు జీవితంలో ఎన్నిసార్లు ఆ మెట్లెక్కి ఉంటారో! మొక్కు మాత్రం డోలీలో కూర్చున్నవారిది. పిల్లిపిల్ల వేదాంతం చెప్పినంత కాలం తల్లి వైపు నుంచి ఎవరూ ఆలోచించరు.

నిజంగా ఏకాంతం కావాలనుకున్న స్విస్ మనిషి ఎత్తులకు పోలేదు కూడా. 1467లో నిక్లాస్ ఫొన్ ఫ్ల్యూ భార్యనూ పదిమంది పిల్లలనూ వదిలి సన్యసించాడు. కొన్నాళ్ళు తిరిగి, చివరికి తన ఇంటికి కూతవేటు దూరంలో రాన్‌ఫ్ట్ అనే లోయలో, వాగు పక్కన, చిన్న గదిలో ఇరవై ఏళ్ళున్నాడు. 1481లో కాంటన్లు కొట్టుకునేదాకా వస్తే ఆయన సలహాతోనే రాజీ కుదిరింది. 1947లో రోమ్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. భార్య డొరొతియా ఇల్లూ పొలమూ పిల్లల్నీ ఎలా నెట్టుకొచ్చిందన్నది ఇటీవలి దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

శిఖరం మీద టీవీ టవరు, హోటలు, రైలు స్టేషను ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంతకంటే ఘోరం. రైలొచ్చాక పెద్ద పెద్ద హోటళ్ళు కట్టి శిఖరాన్ని పూర్తిగా కప్పేశారు. 1950ల మొదట్లో వాటిని పడగొట్టడానికి దేశమంతటా చాకొలెట్ నాణేలు అమ్మి డబ్బు పోగేశారు. కొండ మీద గుడి కట్టడానికి చందాలెత్తడం మనకు తెలుసు. కొండ మీది కట్టడాలు తీసేయడానికి చందాలెత్తడం కూడా దైవకార్యంలాగే ఉంది.

సూర్యోదయం చూపించడం అప్పట్లో ఇక్కడ పెద్ద వ్యాపారం. తెల్లవారుజామున కొమ్ము బూర ఊది హోటలు జనాన్ని లేపేవారు. మార్క్ ట్వేన్ 1880లో అచ్చయిన ‘ఎ ట్రాంప్ అబ్రాడ్’లో ఈ తతంగాన్ని ఉతికి ఆరేశాడు. మూడు గంటల దారిని మూడు రోజులు ఎక్కామని, పగలంతా నిద్రపోయి లేచి సూర్యాస్తమయాన్ని సూర్యోదయమనుకున్నామని, దారిలో పాటలు పాడేవాళ్ళకు ముందు పాడినందుకూ తర్వాత పాడకుండా ఉన్నందుకూ డబ్బులిచ్చామని రాశాడు. దిగేటప్పుడు రైలెక్కాడు. ఇటు చిత్రకారుడు టర్నర్ 1842లో గీసిన రిగి నీటిరంగు చిత్రాలు మూడూ సరస్సు అవతలి ఒడ్డు నుంచి చూసి గీసినవి. ఒకటి నీలంగా, ఒకటి ఎర్రగా, ఒకటి చీకటిగా. ఆ కొండను అందరికంటే బాగా చూసిన కన్ను ఆ మూడు చిత్రాల్లోనూ దాని మీద నిలబడి చూడలేదు.

శిఖరం నుంచి ఈశాన్యానికి చూస్తే రోస్‌బెర్గ్ కొండ వాలు మీద పెద్ద గీకుడు మచ్చ కనబడుతుంది. 1806 సెప్టెంబర్ 2 సాయంత్రం అక్కడి నుంచి సుమారు నాలుగు కోట్ల ఘనపు మీటర్ల రాయి జారి గోల్డౌ మీద పడింది. 457 మంది చనిపోయారు. రాతి పొరల కింద ఉన్న మెత్తటి సున్నపు మట్టి ఆ వేసవి వానలకు నాని, పైపొర పలకలా జారిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. రిగి కూడా అలాంటి గులకరాళ్ళు అతుక్కుని గట్టిపడ్డ రాయే. పొద్దున నడకరి రైలెక్కిన స్టేషన్ ఆ శిథిలాల మీదే ఉంది. చనిపోయినవాళ్ళలో ఎవరూ ఏ కొండా ఎక్కబోలేదు, కొండే వాళ్ళ దగ్గరికి వచ్చింది. శ్రమకు ఫలం అన్న సిద్ధాంతానికీ, దయే సమస్తం అన్న సిద్ధాంతానికీ ఆ 457 మంది దగ్గర జవాబు లేదు. కొండను గురువుగా, తల్లిగా, దేవుడిగా చూసే ఏ వ్యాసమైనా ఈ మచ్చ ముందు కాసేపు ఆగాలి, ఇది కూడా.

మధ్యాహ్నం దాటాక దిగే దారి కాల్ట్‌బాద్ మీదుగా పోతుంది. అక్కడ బండరాళ్ళ సందున ఒక చిన్న మందిరం, ఒక చల్లటి ఊట ఉన్నాయి. దుర్మార్గుడైన అధికారి నుంచి పారిపోయి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఇక్కడ దాక్కున్నారని కథ. ఆ నీళ్ళలో మునిగితే రోగాలు పోతాయని జనం వచ్చేవారు. ఇప్పుడు అదే ఊళ్ళో వాస్తుశిల్పి మారియో బొట్టా 2012లో కట్టిన స్నానశాల ఉంది. వేడి నీళ్ళలో కూర్చుని మంచు కొండల్ని చూడటం అక్కడి సేవ. ఇంకాస్త కిందికి, విట్స్‌నౌ వైపు దారిలో, ఫెల్సెన్‌టోర్ అనే రాతి ద్వారం దగ్గర జెన్ ధ్యాన కేంద్రం ఉంది. మేరీమాత కొండ మీద జపాన్ పద్ధతి ధ్యానానికి చోటు దొరికింది. వచ్చినవాళ్ళను అక్కడ గోడకేసి కూర్చోమంటారు, కొండకేసి కాదు.

దిగడానికి మతాలేవీ పుణ్యం కేటాయించలేదు. మెట్లెక్కుతానని మొక్కుకునేవాళ్ళున్నారు గానీ మెట్లు దిగుతానని మొక్కుకునేవాళ్ళు లేరు, నడిచి ఎక్కినవాళ్ళలోనూ చాలామంది బస్సులోనే దిగుతారు. మోకాళ్ళకు అసలు పరీక్ష దిగేటప్పుడేనని డాక్టర్లకూ డోలీ మోసినవాళ్ళకూ తెలుసు. రిగ్గెన్‌బాక్‌కూ తెలుసు. బండిని పైకి తోయడం ఆవిరి పని, నిండు బండిని అదుపు తప్పకుండా కిందికి తేవడమే కష్టం. అందుకని దిగేటప్పుడు ఇంజన్ సిలిండర్లు ఆవిరికి బదులు గాలిని పీల్చి, నొక్కిపెట్టి, ఆ ఒత్తిడితోనే బండిని నిలవరించేలా ఓ బ్రేకు తయారుచేశాడు. సిలిండర్లు కాలిపోకుండా నీళ్ళు చిమ్మే ఏర్పాటూ చేశాడు. ఆర్త్ వైపు లైనుకు 1907లో, విట్స్‌నౌ వైపు లైనుకు 1937లో కరెంటు వచ్చింది. ఇప్పటి బళ్ళు దిగేటప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారి తీగలోకి కరెంటు తిరిగి పంపుతాయి. అదే సమయానికి ఎదురు దిశలో ఎక్కుతున్న బండి దాన్ని వాడుకుంటుంది. అలా కాల్ట్‌బాద్ దగ్గర అలిసిపోయి రైలెక్కి విట్స్‌నౌకు దిగే నడకరి బరువు, తనెప్పుడూ చూడని ఎవరినో కొంత దూరం పైకి ఎక్కిస్తుంది. పొద్దున తనను ఎక్కించడంలో ఎవరెవరి దిగుడు ఎంత ఉందో చెప్పే పద్దు మర్కట పక్షం దగ్గరా లేదు, మార్జాల పక్షం దగ్గరా లేదు. విట్స్‌నౌ రేవులో లూసర్న్ పడవ స్టేషన్‌కు ఎదురుగానే ఆగుతుంది.